జోకు చెప్పనివాళ్ళకు మిఠాయి లేదు

వంటింటి బల్ల మీద మూడు వందల చాక్లెట్లు, మూడు వందల కరపత్రాలు, ఒక స్టేప్లరు. మధ్యాహ్నం గిన్నెలు కడిగిన దగ్గర్నుంచీ ఆర్లీస్ అక్కడే కూచుని టకటకా కొడుతూనే ఉంది. చాక్లెట్టు పొట్లం చివర, లోపల మిఠాయికి గుచ్చుకోకుండా, కరపత్రం మూల మాత్రం కలిసేలా కొట్టాలి. ఇరవయ్యారేళ్ళుగా కొడుతోంది కాబట్టి కళ్ళు మూసుకుని కొట్టగలదు. చర్చిలో ఈ పనికి ‘వెండెల్ గారి వీధి సువార్త’ అని పేరు. వెండెల్ ఆవిడ మొగుడు, చర్చి పెద్దల్లో ఒకడు. ఆయన చేసేదల్లా తర్వాతి ఆదివారం లేచి నిలబడి, ‘ఈ ఏడు మా గుమ్మంలో ఇంతమంది పిల్లలకి వాక్యం అందింది’ అని చెప్పడం. అందరూ ‘ఆమెన్’ అంటారు. ఆ అందిన వాక్యం మర్నాడు పొద్దున మంచుకి తడిసి పొదల్లోనూ కాలవలోనూ పడి ఉంటుంది. వెండెల్ చూస్తే బాధపడతాడని, ఆయన లేవకముందే ఆర్లీస్ గౌను తడుపుకుంటూ అన్నీ ఏరి చెత్తబుట్ట అడుగున దాస్తుంది. ఈ సేవకి మాత్రం ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టలేదు.

ఆ పూట వెండెల్ ఒక కాగితం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ముచ్చటగా టైపు చేయించాడు.

“ఈ ఏడు జోకులొద్దు ఆర్లీస్. వాటికి బదులు ఇది చదువు. రెండు నిమిషాలు, అంతే. విన్నవాళ్ళకే చాక్లెట్టు.”

ఆర్లీస్ చెయ్యి స్టేప్లరు మీదే ఆగిపోయింది.

డెమోయిన్ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకి ఆ మాట ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మిగతా దేశమంతా హాలోవీన్ పండగ అక్టోబరు ముప్ఫై ఒకటిన చేసుకుంటే వీళ్ళు ముప్ఫైనే చేసుకుంటారు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా. వసారా దీపం వెలిగించి ఉంటే పిల్లలు వేషాలు వేసుకుని వచ్చి మిఠాయి కోసం బెల్లు కొడతారు. కొట్టి ఊరికే చెయ్యి చాపితే సరిపోదు, ముందు జోకు చెప్పాలి. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో గానీ ఈ ఊళ్ళో జోకు చెప్పనివాళ్ళకు మిఠాయి లేదు. పొరుగూరి నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు ‘ఏదీ జోకు?’ అనగానే తెల్లమొహం వేస్తారు. పక్కవాడు చెవిలో ఒకటి ఊదుతాడు, అదే మళ్ళీ అప్పజెబుతారు.

ఆర్లీస్‌కి ఏడాది మొత్తమ్మీద ఆ రెండు గంటలే. తక్కిన రోజుల్లో ఆవిడ గట్టిగా నవ్వదు. పెళ్ళయిన కొత్తలో భోజనాల బల్ల దగ్గర ఏదో మాటకి పకపకా నవ్వితే అత్తగారు హల్డా ఫోర్కు కింద పెట్టి, “మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు దంతాలు కనబడేలా నవ్వరమ్మాయ్,” అంది. వెండెల్ బంగాళాదుంపలు వడ్డించుకున్నాడు. అప్పట్నుంచి నవ్వొస్తే ఆర్లీస్ వంటింట్లోకి వెళ్ళి, బయటికి వినబడకుండా కుళాయి తిప్పుకునేది. కానీ గుమ్మంలో పిల్లలు జోకు చెబితే నవ్వాలి కదా! నవ్వకపోతే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. కాబట్టి అది నవ్వు కాదు, మర్యాద. ఆ వంకతో ఏడాదికి సరిపడా నవ్వేసుకునేది.

“జోకులంటే పిల్లలకి సరదా,” అంది మెల్లిగా.

“ఆత్మల సంగతి సరదా కాదు. నువ్వు చెబితే బావుంటుంది, నీ గొంతు మెత్తన. నేను లోపల కూచుని ప్రార్థన చేస్తుంటాను.”

లోపల హీటరు ఉంది. ఆ మాట ఆర్లీస్ అనలేదు, అనుకుంది.

ఆరింటికి దీపం వేసింది. మొదట వచ్చింది ఒక తేనెటీగ. ఆరేళ్ళుంటాయి. చలికి వాళ్ళమ్మ దళసరి కోటు తొడిగి, దాని మీద చారల చొక్కా ఇరికించినట్టుంది, పిల్ల గుండ్రంగా ఉబ్బిపోయి నడవలేక నడుస్తోంది. తల్లి కింద కాలిబాట మీద నిలబడి చెయ్యి ఊపింది. తేనెటీగ బెల్లు కొట్టి, జోకు మర్చిపోతానేమోనని పెదాలు కదుపుకుంటూ నిలుచుంది.

ఆర్లీస్ కళ్ళజోడు సర్దుకుని కాగితం విప్పింది. కాదని చెప్పడం ఇరవయ్యారేళ్ళలో ఆవిడకి అలవాటు కాలేదు మరి. మొదటి వాక్యం చదివింది.

“ఈ రాత్రి నువ్వు చచ్చిపోతే ఎక్కడికి వెళ్తావో నీకు తెలుసా?”

పిల్ల పెదాలు ఆగిపోయాయి. చేతిలో సంచీ మెల్లిగా కిందికి జారింది.

“నేను చచ్చిపోతానా?” అంది. “ఇవాళేనా? మా అమ్మకి తెలుసా?”

ఆర్లీస్‌కి ఒళ్ళంతా సిగ్గుతో మండింది. ఆదివారం బడిలో ఇరవయ్యేళ్ళు పాఠం చెప్పింది, ఏ పిల్ల మొహమూ ఇలా పాలిపోయేలా ఒక్క మాట అనలేదు. దేవుణ్ణి నమ్ముతుంది ఆవిడ. వెండెల్ కంటే తక్కువేం కాదు, బహుశా ఒక పాలు ఎక్కువే. రొట్టె పిండి పిసుకుతూ దేవుడితో మాట్లాడుతుంది, కుళాయి చప్పుడులో నవ్వినప్పుడూ ఆయనతో కలిసే నవ్వుకుంది. ఆ దేవుడు ఈ కాగితంలో ఎక్కడా లేడు. మిఠాయి చూపించి, చేతికివ్వకుండా పట్టుకుని, ఈలోగా చావు గురించి అడగమన్నవాడు ఆయనైతే ఇన్నేళ్ళూ తను మాట్లాడింది ఎవరితో? ఈ పిల్లని వాళ్ళమ్మ నమ్మి ఈ మెట్లెక్కించింది. బిడ్డకి దేవుడి సంగతి చెప్పాలో వద్దో, చెబితే ఎలా చెప్పాలో ఆ తల్లికి తెలియదా!

మోకాళ్ళు కటకటమంటున్నా తేనెటీగ ఎత్తుకి కూచుంది. “లేదురా బంగారం, నువ్వేం చచ్చిపోవు. నేనే తప్పు కాగితం చదివాను. ముసలిదాన్ని కదా! ఏదీ, నీ జోకు చెప్పు.”

పిల్ల అనుమానంగా చూసింది. తర్వాత ఊపిరి పీల్చుకుంది. “దయ్యం బళ్ళో చేరింది. టీచరు పేరు పిలిచింది. దయ్యం ‘ప్రెజెంట్’ అంది. అప్పుడేమైంది?”

“ఏమైంది?”

“టీచరు ఆబ్సెంటు!”

ఆర్లీస్ నవ్వింది. కూచున్నది కూచున్నట్టే వెనక్కి తూలి, గడప పట్టుకుని, దంతాలన్నీ కనబడేలా నవ్వింది. మర్యాద కోసం కాదు. తేనెటీగ కూడా పడీ పడీ నవ్వింది. కింద తల్లి, ఏం జరిగిందో తెలియకపోయినా, తనూ నవ్వింది. ఆర్లీస్ నాలుగు చాక్లెట్ల నుంచి కరపత్రాలు పీకి, ఉత్త చాక్లెట్లు సంచీలో వేసింది.

“ఆర్లీస్!” లోపల్నుంచి వెండెల్. “నవ్వులు వినబడుతున్నాయి, వాక్యం వినబడట్లేదే?”

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. ఆయన కుర్చీలో కాళ్ళు చాపుకుని, ఒళ్ళో బైబిలు పెట్టుకుని ఉన్నాడు.

“ఆ పిల్ల ఇవాళ చచ్చిపోతానేమోనని భయపడింది, వెండెల్.”

“భయం కొంచెం మంచిదే. దేవుడి మాట చెప్పడానికి నీకు సిగ్గా?”

“చెప్పడానికి సిగ్గేం లేదు. ఎవరైనా అడిగితే తెల్లార్లూ చెబుతాను. వాళ్ళు అడిగింది చాక్లెట్టు.” కాగితం ఆయన బైబిలు మీద పెట్టింది, దాని మీద చాక్లెట్ల గిన్నె పెట్టింది. “నీకు అంత అవసరమనిపిస్తే నువ్వే చెప్పు. వాళ్ళ కళ్ళలోకి చూసి చెప్పాలి, సుమా.”

“నేనా? నాకు పిల్లలతో మాట్లాడ్డం రాదని నీకు తెలుసుగా!”

“నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా? ఇరవయ్యారేళ్ళు చలిలో నిలబడి నేర్చుకున్నాను.”

“మరి నువ్వు ఎక్కడికి?”

కోటు తొడుక్కుంటుంటే ఆర్లీస్‌కి చిన్నతనం గుర్తొచ్చింది. వాళ్ళ నాన్న పాస్టరు. ఈ పండగ రోజు ఇంట్లో దీపాలన్నీ ఆర్పించి పిల్లలందర్నీ మోకాళ్ళ మీద కూచోబెట్టేవాడు. కిటికీ అవతల నుంచి నవ్వులు వినడమే గానీ, ఆవిడ జన్మలో ఒక్క బెల్లూ కొట్టలేదు. తన కొడుకుల్ని సైతం వెండెల్ పంపనివ్వలేదు.

“బయటికి,” అంది. దిండు గలీబు ఒకటి సంచీగా పట్టుకుని వెళ్ళిపోయింది.

వీధి చివర తేనెటీగ కనబడింది. దానితో ఒక రోబో, ఇద్దరు మంత్రగత్తెలూ. “మీ వేషమేంటి?” అని అడిగాడు అట్టపెట్టె లోంచి రోబో. “చర్చి పెద్ద గారి భార్య,” అంది ఆర్లీస్. “చాలా బాగా కుదిరింది,” అన్నాడు వాడు గంభీరంగా. తేనెటీగ తల్లి ఒక్కసారి పకాలుమని నవ్వి, ఆర్లీస్‌ని చెయ్యి పట్టుకుని తమలో కలుపుకుంది.

నాలుగిళ్ళు తిరిగి అటువైపే వచ్చేసరికి తన ఇల్లే ఎదురైంది. పిల్లల వెనకే మెట్లెక్కి తన ఇంటి బెల్లు తనే కొట్టింది. వెండెల్ తలుపు తీశాడు. ముక్కు ఎర్రగా ఉంది. కాగితం నాలుగు మడతలై చొక్కా జేబులో ఉంది.

“ఒకడు ఏడ్చాడు,” అన్నాడు, ఎవర్నీ చూడకుండా. “ఇంకొకడు, ‘అంకుల్, ముందు మీరు చచ్చిపోతే ఎక్కడికెళ్తారో చెప్పండి’ అన్నాడు.”

“మిఠాయి కావాలి,” అంది ఆర్లీస్.

“ఏంటి నువ్వు, ఈ వయసులో...”

“అంకుల్, ముందు ఆవిడ జోకు వినాలి,” అంది తేనెటీగ. “అది రూలు.”

ఆర్లీస్ గొంతు సవరించుకుంది. “రెండు నిమిషాల ప్రసంగం చెయ్యడానికి ఎంతమంది కావాలి?”

“ఎంతమంది?” అన్నాడు వెండెల్, తప్పక.

“ఇద్దరు. రాసేవాళ్ళు ఒకరు, చలిలో నిలబడి చదివేవాళ్ళు ఒకరు. ఈ ఏడు రెండోవాళ్ళు సెలవులో ఉన్నారు.”

మంత్రగత్తెలకి అర్థం కాలేదు. వెండెల్‌కి అయింది. వంగి, ఒక చాక్లెట్టుకున్న కరపత్రం జాగ్రత్తగా ఊడదీశాడు. పిన్ను వేలికి గుచ్చుకుంది, “అబ్బా!” అన్నాడు. చాక్లెట్టు దిండు గలీబులో పడింది. నోటి పక్కన ఏదో కదిలింది గానీ, అది నవ్వో కాదో చూడ్డానికి ఆర్లీస్ ఆగలేదు. పిల్లలు అప్పటికే గడ్డి మీదుగా పరిగెడుతున్నారు.

పక్కింటామె మావిస్ తలుపు తీసి, పిల్లల తలల మీదుగా ఆర్లీస్‌ని చూసి ఆశ్చర్యపోయింది.

“నువ్వా! వీళ్ళలో నువ్వు ఎవరి కోసం వచ్చావే?”

“నా కోసమే,” అంది ఆర్లీస్, గలీబు చాపుతూ. “జోకు చెబుతాను, విను.”