హనుమక్క కడవలో కాలువ

కౌతాళం పక్కనున్న ఆ పల్లెలో, కాలువకు నీళ్లొచ్చాయో లేదో తెలియాలంటే ఎవరూ గట్టుదాకా పోరు. హనుమక్క ఇంట్లోకి తొంగిచూస్తారు. కాలువ సగం నిండితే ఆమె ఇత్తడి కడవా సగం నిండుతుంది, కాలువ ఎండితే కడవా ఎండుతుంది. పోసేవాళ్లూ లేరు, తోడేవాళ్లూ లేరు. తూములు చూసుకునే లస్కరు బసన్న కూడా, పై ఆఫీసరు ఫోన్ చేస్తే ముందు ఈ కడవలోకి చూసే లెక్క చెబుతాడు.

ఆ పొద్దున కడవ అడుగున మూడు వేళ్ల నీళ్లే ఉన్నాయి. డ్యాం నుంచి నీళ్లు వదిలి వారమైంది. హనుమక్క ఎకరన్నర వరి పొట్టమీదుంది. రెండు రోజుల్లో తడి అందకపోతే మిగిలేది తాలే. ఆమెకు ఒళ్లు మండిపోయింది. నేరుగా పై తూము దగ్గరకు పోయింది. పై మళ్ల రైతు అయ్యన్న అక్కడ ఇనుప షట్టరు దించి, గొలుసుతో బండరాయికి కట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు.

"అయ్యన్నా, నీ మళ్లల్లో మోకాలెత్తు నిలిచినాయి. కిందికి ఇడువు."

"నీ చేను మెరక, హనుమక్కా. నీళ్లు మెట్టెక్కుతాయా?"

"మూడు తరాలు పారినాయిలే. నువ్వు తాళమేసినంకనే మెరకైంది!"

ఇంటికొచ్చి కడవ ముందు కూర్చుంది. వయసులో ఆదోని ప్రెస్సు మిల్లులో పదేళ్లు దూది మోసిన మనిషి. సన్న గొట్టంలో నీళ్లను కాస్త నొక్కితే, అవతల లావు గొట్టంలోని దిమ్మె లేచి గదెడు దూదిని బేలుగా అణచడం రోజూ చూసింది. నీళ్లను ఒకచోట నొక్కితే అన్నిచోట్లా నొక్కినట్టేనని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. చెయ్యి లోపలికి దించి, అరచేయి నీళ్లమీద పరిచి అదిమింది. చెయ్యి తడిసింది గానీ మునగలేదు.

"ఏం జేస్తాండావత్తా?" అంది కోడలు రూప.

"తూమెత్తుతాండా. రొట్టె తుంచి నోట్లో పెట్టు."

అక్కడ షట్టరు మూలిగి పైకి లేచింది. అయ్యన్న బరువుకని ఇద్దరు మనుషులను దానిమీద కూర్చోబెడితే, వాళ్లతో సహా లేచింది. తాళం వేసింది వేసినట్టే ఉంది, గొలుసు కట్టిన బండరాయి మాత్రం వేరుశనగ చెట్టు పీకినట్టు ఊడొచ్చింది.

మధ్యాహ్నానికి రూప పరుగున వచ్చింది. "మన మడి తడిసిందత్తా. ఇంగ చెయ్యి తియ్యి."

"కాలువ చివర తిప్పమ్మ మడి?"

"ఇంగా లేదు."

భుజం మొద్దుబారింది. హనుమక్క పళ్లు బిగించింది గానీ చెయ్యి తియ్యలేదు.

పొద్దు వాలేవేళకు అయ్యన్న గడప దగ్గర నిలబడ్డాడు. "నా మళ్లల్లో నీళ్లు వెనక్కి కాలువలోకి దిగుతాండాయి. సాలించక్కా."

"నీకూ మాకూ సరిసమానమైతే అవే నిలుస్తాయప్పా. అంతదాకా నేను నిలపను."

అయ్యన్న మొలతాడు విప్పి, తాళంచెవి గడప మీద పెట్టాడు. హనుమక్క దానివైపు చూడనైనా లేదు.

"రూపా, తిప్పమ్మ మడి కాడికి పోయి సూసి రా."