చక్రానికి కుట్టిన లాగు

ఓడ పగిలితే మనుషుల్ని ఒడ్డుకు చేర్చడానికి పాతకాలంలో ఒక ఉపాయం ఉండేది. ఒడ్డు నుంచి చిన్న ఫిరంగితో ఓడ మీదికి తాడు పేల్చేవారు. ఆ తాడుకు ఒక బెండు చక్రం వేలాడదీసేవారు. చక్రానికి కాన్వాసు లాగు కుట్టి ఉండేది. లాగులో కాళ్లు దూర్చి కూర్చుంటే ఒడ్డునున్నవాళ్లు లాగేసుకునేవారు. చూస్తే నవ్వొస్తుంది గానీ, దానివల్ల చాలామంది బతికారు.

దోహాలో ఒక మ్యూజియం హాల్లో అలాంటిదొకటి బిగించే పని మా కంపెనీకి వచ్చింది. సూపర్‌వైజర్ని నేను, సువార్తరావుని, అమలాపురం దగ్గరవాణ్ణి. ఒక పక్క ఉత్తుత్తి ఓడ స్తంభం, ఇంకో పక్క ఉత్తుత్తి ఒడ్డు, మధ్యలో తాడు. లాగులో కూర్చోబెట్టాల్సిన బొమ్మ వచ్చింది గానీ దాని బట్టలు రాలేదు. మా వర్కర్ గజేందర్ తన పాత కవరాల్ తొడిగాడు. దాని జేబు మీద అతని పేరు అలాగే ఉంది. మెడ మర వదులై బొమ్మ తల పక్కకు వాలిపోయింది.

మా ఇంకో వర్కర్ జలంధర్ది గజేందర్ ఊరే. అతనికిది మహా తమాషాగా తోచింది. ఫొటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పడేశాడు. ఫొటోలో చక్రం పడలేదు. తాడు పడింది, వాలిన తల పడింది, పేరు పడింది. పోయినేడు ఆ ఊరి మనిషి ఒకతని చావు కబురు కూడా ఇలాగే, ముందు ఫొటోగా, ఆ గ్రూపులోకే వచ్చిందట.

కాసేపటికి జలంధర్ నా దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సార్, గజేందర్ దుబాయ్‌ల ఉరేసుకున్నడని ఊరంత ఏడుస్తుండ్రు. సునంద వదినె పడిపోయిందట."

మేమున్నది దోహాలోనే గానీ, ఊళ్లోవాళ్లకు గల్ఫంతా దుబాయే. గజేందర్ ఫోను మేముండే బర్వా క్యాంపులో ఛార్జింగులో ఉంది. భార్య సునంద చేసిన ఫోన్లన్నీ అక్కడే మోగి ఊరుకున్నాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. "బుద్ధుందా నీకు!" అని జలంధర్ ఫోను లాక్కుని గజేందర్‌కి ఇచ్చాను.

వీడియో కాల్లో సునంద మొగుణ్ణి చూసింది, కానీ నమ్మలేకపోయింది. అతని వెనకాల అది ఇంకా వేలాడుతోంది.

"మరి నీ ఎన్కల ఏలాడేది ఎవలు? నీ పేరే ఉన్నది గదా! నాకేం సమజైతలేదు."

"బొమ్మనే సునందా. ఇది సంపేది గాదు, మునిగెటోళ్లను బతికిచ్చేది. ఆగు, సూపెడ్త."

బొమ్మను దించి, సేఫ్టీ బెల్టు తగిలించుకుని తనే ఎక్కాడు. టెస్టు కాకుండా మనిషిని ఎక్కించకూడదు. ఆ రూలు రాసిన కాగితం గోడకు అంటించింది నేనే. అయినా "యల్లా, కానియ్" అన్నాను. ఒడ్డు పక్క నిలబడి నేనూ జలంధరూ లాగాం. గజేందర్ ఒక చేత్తో ఫోను పట్టుకుని, లాగులో కాళ్లాడిస్తూ వచ్చాడు. ఫోన్లోంచి సునంద ఊపిరి మాకు వినిపిస్తోంది.

అతను దిగాక అడిగింది.

"కాళ్లు నేలకు ఆనినయా?"

"ఆనినయ్."

"సూపెట్టు."

గజేందర్ ఫోను కిందికి తిప్పి తన బూట్లు చూపించాడు. అప్పుడు గాని ఆమెకు ఏడుపు రాలేదు.