దారి పక్క వరుస

ఆర్లీన్ ఏడో కుండీలోని చిగురాకును వెనక్కి తిప్పి, వేళ్ల మధ్య వంచి చూసింది. లేత ఆకు గుడ్డలా మెత్తగా ఉండాలి. ఇది పాత చెప్పు పట్టీలా బిరుసెక్కింది. అంచులు కిందికి ముడుచుకున్నాయి. పైన వార్నిష్ పూసినట్టు మెరుపు.

గోడ మీది బోర్డు మీద మేనేజరు స్పెన్సర్ నిన్న రాసిన మాట అలాగే ఉంది: "తల్లిమొక్కలకు నీళ్లు ఎక్కువయ్యాయి. ఆర్లీన్ చూసుకోవాలి."

"చూసుకుంటాలే, నీ మొహం," అంది ఆర్లీన్ బోర్డుతో.

అరవై రెండేళ్ల మనిషి. గంజాయి పెంచడం నేరంగా ఉన్న రోజుల్లో హంబోల్ట్ కొండల మీద పాతికేళ్లు, లైసెన్సులొచ్చాక కిటికీల్లేని ఈ గోదాములో ఆరేళ్లు మొక్కలకు నీళ్లు పోసింది. మోకాళ్లు అరిగిపోయాయి. కుడి బొటనవేలి గోరు కింది ఆకుపచ్చ మరక ఏ సబ్బుకూ లొంగలేదు. నీళ్లు ఎక్కువ పోశావన్న మాట భర్త డెల్ కూడా ఏనాడూ అనలేదు. కాఫీలో పాలు ఎక్కువయ్యాయని మాత్రం పోయేదాకా సాధించాడు.

ఏడో కుండీ డెల్ మొక్క. పోలీసు హెలికాప్టర్లు కొండ చుట్టూ తిరుగుతున్న ఒక ఉదయం, ఒకే ఒక్క కొమ్మను తడి కాగితంలో చుట్టి, తిండి డబ్బాలో దాచి కిందికి దించాడు. తోటంతా ఆ రోజే పోయింది. ఆ కొమ్మ నుంచి కొమ్మ, దాన్నుంచి ఇంకో కొమ్మగా నిలిచింది ఇది. ఉద్యోగంలో చేరినప్పుడు ఆర్లీనే ఇక్కడికి తెచ్చి నాటింది. ఇంటి దగ్గర ఉన్నది మొన్నటి కార్చిచ్చులో కాలిపోయింది. మిగిలింది ఇదొక్కటే. దీనికిప్పుడు కంపెనీ అంకె ఉంది, పేరు లేదు.

కుండీ ఎత్తి చూసింది. తేలిగ్గా లేచింది. నీళ్లెక్కువైన కుండీ ఇలా లేవదు. లైట్ల వేడేమోనని ఆకుల పైన అరచెయ్యి పెట్టింది. వేడి అన్ని వరుసలకూ ఒకటే. గోడవైపు మొక్కలు ఏ చింతా లేకుండా నిటారుగా ఉన్నాయి. ముడుచుకున్నది దారి పక్క వరుస ఒక్కటే.

"మారిసోల్, ఈ దారెంట ఎవరెవరు నడుస్తారే?"

నేల తుడుస్తున్న మారిసోల్ తలెత్తింది. "మనమిద్దరం. మేనేజరూ, ఆయన తీసుకొచ్చే పెద్దమనుషులూ."

"మనం గ్లవ్స్ లేకుండా ముట్టుకోం. మరి వాడు?"

మారిసోల్ తుడుపుకర్ర గోడకానించి, స్పెన్సర్‌లా ఛాతీ విరుచుకుని, రెండు వేళ్లు రుద్ది ఆర్లీన్ ముక్కు దగ్గర పెట్టింది. "వాసన చూడండి సార్! నిమ్మకాయా, డీజిలూ!"

ఆర్లీన్‌కి నవ్వు రాలేదు. కాడ రుద్ది వాసన చూపించడం ఈ పనిలో అందరూ చేసేదే. డెల్ కూడా చేసేవాడు, కానీ చెయ్యి కడుక్కోకుండా రెండో మొక్కని ముట్టేవాడు కాదు. వీడు పోయిన నెల బయట నుంచి కొన్న పిలకల దగ్గర మొదలుపెట్టి, ఒక్కోదాన్నీ రుద్దుకుంటూ ఇక్కడిదాకా వచ్చాడు.

మెడలో వేలాడుతున్న భూతద్దాన్ని ఆకు అడుగున ఆనించింది. అరవై రెట్లు పెంచి చూపించే అద్దం. ఈనె పక్కన గాజు రవ్వల్లా పురుగులు, తెల్ల చుక్కల గుడ్లు. ఉత్త కంటికి ఆనవు. తప్పు తనది కాదని తేలింది. ఏడో కుండీ ఇక ఉండదని కూడా తేలింది. ఆకు తుంచుకుని స్పెన్సర్ గదికి వెళ్లింది.

స్పెన్సర్ భూతద్దంలోంచి చూసి మొహం చిట్లించాడు. "ఛీ! ఆ వరుసంతా నరికించు. మూడింటికి కొనేవాళ్లొస్తున్నారు, ఈలోపే అయిపోవాలి."

"ఏడోదాన్నుంచి నాలుగు కొమ్మలు తీసుకోనీ. వేణ్ణీళ్లలో ముంచి వేరే గదిలో పెడతాను. పురుగు చస్తుంది, మొక్క బతుకుతుంది."

"ఇది నీ కొండ కాదు, ఆర్లీన్." మొక్కల నష్టం రాసే కాగితం ముందుకు తోశాడు. 'కారణం' అన్నచోట 'నీళ్లు ఎక్కువ' అని అప్పటికే రాసి ఉంది. "ఇక్కడ సంతకం పెట్టు."

"పురుగుల్ని ఇప్పుడే నీ కళ్లతో చూశావు కదరా!"

"పురుగులని రాస్తే వాళ్లు గుమ్మంలోంచే వెనక్కి పోతారు. నీళ్లంటే ఎవరికీ ఏం కాదు."

"నాకవుతుంది."

"నీకేమవుతుంది? ఉద్యోగం తియ్యనులే." ఆ గొంతులో దయ ఉంది. ఆ దయే ఆమెను నిలువునా కాల్చింది.

సంతకం పెట్టకుండా కాగితాన్ని జేబులో కుక్కుకుని వచ్చేసింది.

ఆరు మొక్కలు నరికాక మారిసోల్ కత్తెర కోసం చెయ్యి చాపింది. "ఇది నేను చేస్తాలెండి."

"జరుగు పక్కకి."

ఒక్క కొమ్మ దాచుకుందామన్నా దారి లేదు. గేటు దగ్గర రోజూ తిండి డబ్బా తెరిచి చూస్తారు. ఒక ఆకు మాత్రం తుంచి చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసింది. కత్తెర కాడ మీద మూసుకుంది. పెద్దగా చప్పుడేమీ కాలేదు. నరికిన మొక్కల సంచి మూతి ముడేసింది.

మూడింటికి పది నిమిషాలుండగా, పని కోటు విప్పి మేకుకి తగిలించి, అతిథుల గదిలోకి వెళ్లింది. బల్ల మీద కాఫీ కప్పులు బోర్లించి ఉన్నాయి. 'నీళ్లు ఎక్కువ' అన్న మాటను కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసి, బల్ల మధ్యలో పరిచింది. దానిమీద ఆకును తిరగేసి పెట్టింది. మెడలోంచి భూతద్దం తీసి, ఆకు మీద నిలబెట్టి, బొమ్మ తేటగా కనిపించేదాకా తిప్పింది.

గేటు దగ్గర అడగకముందే డబ్బా తెరిచి చూపించింది. సగం తిన్న ఆపిల్ తప్ప ఏమీ లేదు.

"ఇవాళ తొందరగా వెళ్తున్నారే?" అన్నాడు కాపలావాడు.

"ఇక రాను."

లోపల బల్ల మీద, బోర్లించిన కప్పుల మధ్య, ఆమె భూతద్దం కింద గాజు రవ్వలు ఆకు మీద తీరిగ్గా తిరుగుతున్నాయి.