ఖాళీ గడి షరతు

రాజాం మెయిన్‌రోడ్డులో నాకొక కంప్యూటరు సెంటరు ఉంది. మా ఆయన పోయాక పెట్టాను. శుభలేఖలు, బయోడేటాలు, బిల్లు పుస్తకాలు, ఏదొస్తే అది చేస్తాను. మా అక్క కన్యాకుమారి మా వర్తక సంఘంలో ఆడవాళ్ళకి పెద్ద. ఏటా అమ్మవారి కుంకుమపూజకు ఇంటింటికీ వెళ్ళే పిలుపు ఉత్తరాలు నా దగ్గరే చేయిస్తుంది.

రెండువేల పదహారులో మొదటిసారి మెయిల్ మెర్జ్ పెట్టాను. పట్టికలో ఆడవాళ్ళ పేరు ఒక గడి, భర్త పేరు ఒక గడి. ఉత్తరం ఒక్కటి రాస్తే చాలు, ఎవరి పేరు వారి కాగితంలో పడుతుంది. పెద్దల్నీ పిల్లల్నీ కూడి "మీ ఇంటికి భోజనాలు ఇన్ని" అని కూడా అదే వేస్తుంది. అక్క మురిసిపోయి, పక్కనే కూర్చుని ఇంకో పని పురమాయించింది.

"ఒసే హైమా, మొగుడి పేరు గడి ఖాళీగా ఉంటే 'పూజలో కూర్చోవలసిందిగా' అన్న ముక్క రాకుండా సెయ్యగలవేటే? నిరుడు ఇద్దరు ముండమోపులకి ఎల్లిపోనాది. నలుగుర్లో నా తల కొట్టేసినట్టయింది."

చెయ్యలేకేం? ఒక్క షరతు రాయడమే. రాసి, సరిచూడ్డానికి నా కాగితమే తీశాను. భోజనాలు రెండు, నాకూ మా అబ్బాయికీ. పిలుపు ఉండాల్సిన చోట ఖాళీ వరుస. తిండి లెక్కలో ఉన్నాను, బొట్టు లెక్కలో లేను.

అక్క కళ్ళజోడు సవరించుకుని చూసింది. "బలే పని సేస్తన్నాదే!" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తోడబుట్టినదానికి పక్కనున్న నా మొహం కనబడలేదు.

ఆ మరుసటేడు బావ నగరేశ్వరరావు గుండెపోటుతో పోయాడు. మంచివాడు, కడుపారా ఏడ్చాను. సంవత్సరీకాలయ్యాక మళ్ళీ ఉత్తరాల వేళ వచ్చింది. సంఘం వాళ్ళు పంపిన కొత్త పట్టికలో బావ పేరు తీసేసి ఉంది.

అక్క కొంగు నుదుటి మీదకు లాక్కుని వచ్చింది.

"నా కాయితం ఒక్కటీ పాతదాన్లా తియ్యే. నేను మొదలెట్టిన పూజ అది. పిలుపు లేపోతే ఏ మొకం పెట్టుకుని ఎల్తాను?"

జాలేసింది, అబద్ధమెందుకు. "ఆ షరతే తీసేస్తానక్కా. నిమిషం పని. అందరికీ పిలుపు ఎల్తాది" అన్నాను.

"అందరికీనా!" అక్క ఉలిక్కిపడింది. "ఆచారం మంటగలిసిపోదేటే? నాకొక్కదానికి సాలు."

ఆ మాట ఎవరితో అంటోందో ఆవిడకి అప్పటికీ తట్టలేదు.

షరతు ముట్టుకోకుండా ప్రింట్ నొక్కి, అక్క కాగితం అక్క చేతికే ఇచ్చాను. మూడు భోజనాలు రెండయ్యాయి, కూడిక దానంతటదే సరిచేసుకుంది. దాని కింద ఖాళీ వరుస. అచ్చం నా కాగితంలాగే.