బంతి పడిన తీరు

బంతి ఉద్యోగం పడటం. నవ్వకండి, నెలనెలా జీతమిచ్చే ఉద్యోగమే. ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో పడిపోతే, కెమెరాతో చూసి గుర్తుపట్టి, తానే అంబులెన్సును పిలిచే యంత్రాన్ని ఒక కంపెనీ తయారుచేస్తోంది. పడటమంటే ఏమిటో దానికి ముందు నేర్పాలి కదా. ముసలివాళ్లను పట్టుకొచ్చి పడెయ్యలేరు. అందుకని సినిమాల్లో మేడల మీంచి దూకి ఒళ్లు హూనం చేసుకున్న బంతిని పెట్టుకున్నారు.

ఆ పేరు అక్క పెట్టింది. చిన్నప్పుడు వాడు గోడెక్కి పడ్డప్పుడల్లా "లేరా బంతీ, ఏం కాలేదు" అనేది. వాడు లేచేవాడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది ఆవిడే. ఇప్పుడు వాళ్లిద్దరే ఒకరికొకరు. ఆవిడకు బీపీ ఉందని, కంపెనీ వాళ్లను బతిమాలి ఒక యంత్రం తెచ్చి వంటింటి మూల బిగించాడు. అక్క ఏం చేస్తోందో అది ఫోనుకు చెప్పేది. బొమ్మ రాదు, మాటే వస్తుంది. నడుస్తున్నారు, నిలబడ్డారు, కూర్చున్నారు.

ఆ రోజు కంపెనీలో పరుపు మీద పడి లేస్తూ ఫోను చూశాడు. "కూర్చున్నారు." పోనీలే, కాసేపు కూర్చోనీ అనుకున్నాడు.

"అన్నా, ఇంకోసారి. చేతులు బాగా విసిరి పడు" అంది ఇంజనీరమ్మాయి.

దబ్బున పడ్డాడు. తెర మీద "పడ్డారు" అని ఎర్రగా వెలిగింది. లేవగానే "లేచారు" అని ఆరిపోయింది. లేచినవాళ్లకు అంబులెన్సు ఎందుకని పిలుపు దానంతటదే రద్దవుతుంది. అదీ వాడు పడి, లేచి నేర్పించిందే.

భోజనాలయ్యాక మళ్లీ చూశాడు. "కూర్చున్నారు."

అప్పుడు తట్టింది వాడికి. అక్క ఒక్కచోట కూర్చునే మనిషి కాదు. పైగా వంటింట్లో కుర్చీయే లేదు. మోకాళ్ల నొప్పులతో నేల మీద కూర్చోవడం మానేసి ఏళ్లయింది. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఇంజనీరమ్మాయి పిలుస్తున్నా వినిపించుకోకుండా పరుగెత్తాడు.

ఇంటి తలుపు బార్లా తీసి లోపలికి దూకాడు. అక్క వంటింటి గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపి ఉంది. మూతి ఒక పక్కకు లాగేసింది. గోడ మీద పిండి చేతి జాడ పైనుంచి కిందిదాకా సాగింది. పాపం, గోడ పట్టుకుని మెల్లగా జారింది. వాడు ఏనాడూ అలా పడలేదు. చేతులు ఎగరాలి, చప్పుడు కావాలి, చూసేవాళ్లు అదిరిపోవాలి. వాడికొచ్చిన విద్య అది. యంత్రానికి అబ్బిందీ అదే.

"అక్కా, నేనే. బంతిని."

ఒక కన్ను వాడి వైపు తిరిగింది. ఎత్తబోతే గొంతులో గుర్రుమని చప్పుడు లేచింది. భయపడి వదిలేశాడు. అంబులెన్సుకు ఫోను చేస్తే, వరుసలో ఉన్నారు, వేచి ఉండండి అని పాట పెట్టారు. పాట అయిపోయి మళ్లీ మొదలైంది.

తలెత్తి మూలకు చూశాడు. పచ్చదీపం నిశ్చింతగా వెలుగుతోంది. దాని లెక్కలో అక్క ఇంకా కూర్చునే ఉంది. ఆ యంత్రం పిలిస్తే వరుసా గిరుసా ఉండదు, బండి తిన్నగా వచ్చేస్తుంది.

బంతి లేచి నిలబడ్డాడు. చేతులు గాల్లోకి విసిరి, పరుపు లేని గచ్చు మీద దబ్బున పడ్డాడు. మోచేతిలో ఏదో పటుక్కుమంది.

మూల నుంచి తియ్యటి గొంతు పలికింది. "మీరు పడిపోయినట్టు గుర్తించాం. అంబులెన్సు బయల్దేరింది. మీరు లేస్తే పిలుపు రద్దవుతుంది."

అక్క నోటి పక్కనుంచి చొంగ కారుతోంది. తుడవాలంటే లేవాలి. వీపు వెనక దిండు పెట్టాలన్నా లేవాలి. వాడు పడ్డచోటినుంచే చెయ్యి చాపి ఆవిడ పాదం పట్టుకున్నాడు. చల్లగా ఉంది. బండి చప్పుడు ఇంకా వినపడటం లేదు.

అక్క పెదవి కష్టంగా కదిలింది.

"లే... లేరా... బంతీ."

"లేవనక్కా" అన్నాడు వాడు వెక్కుతూ. "ఈసారికి లేవను."