సత్తయ్య పప్పుగుత్తి

పప్పుగుత్తి కొసను ఇంజన్ మీద ఆనించి, గుండ్రటి తలను చెవికి చేర్చి, సత్తయ్య కళ్ళు మూసుకున్నాడు. పెదపారుపూడి గోవర్ధనరావుగారి కారు అది. దారి పొడవునా గోల పెట్టిందట. గుడివాడ రైలుగేటు దాటి షెడ్డులోకి రాగానే నోరు మూసుకుంది.

"ఒట్టు సత్తయ్యా, ఇందాకటిదాకా మోగింది. కావాలంటే సెల్లులో పట్టుకొచ్చాను, విను."

"సెల్లులో వింటే సెల్లు జబ్బే తెలుస్తదండీ. కాస్త ఆగండి, దానికీ మొహమాటం ఉంటది."

మిగతా మెకానిక్కులు స్క్రూడ్రైవరు ఆనించి వింటారు. సత్తయ్యకు మాత్రం ఈ చింతకర్ర గుత్తే కావాలి. పెళ్ళయిన కొత్తలో భార్య సూర్యకుమారి వంటింట్లోంచి ఎత్తుకొచ్చాడు. "మా అమ్మ ఇచ్చిన గుత్తి కార్ల పాలయింది" అని ఆమె సాధించని పండగ లేదు. తర్వాత ఇంకోటి కొనుక్కుంది గానీ, దాంతో పప్పు సరిగ్గా మెదగదని ఇప్పటికీ అంటుంది.

ఆ పనిలో మెలకువ ఒకటే. గుత్తిని చెవికి గట్టిగా అదమకూడదు. అదిమితే మన నెత్తురు కొట్టుకునే చప్పుడే మనకు వినిపిస్తుంది. అది ఇంజన్‌దే అనుకుని, పని నేర్చుకునే రోజుల్లో సత్తయ్య బంగారంలాంటి బండిని విప్పి పోసి తిట్లు తిన్నాడు. మళ్ళీ ఎప్పుడూ పొరపడలేదు.

ఈమధ్య మాత్రం ఏ బండి మీద పెట్టినా అడుగున ఇంకో చప్పుడు వినిపిస్తోంది. ఒక దెబ్బ సరిగ్గా పడి, తర్వాతది తడబడి, ఆపైన ఓ క్షణం ఏమీ ఉండదు. అది బండిది కాదని అతనికి తెలుసు. రాత్రిళ్ళు పక్కన పడుకునే మనిషి గుండెది. సూర్యకుమారి కాళ్ళు వాచాయి, గడప దాటితే ఆయాసం. గుండె బలహీనమని మందులిచ్చారు.

"ఊళ్ళో బండ్లన్నీ వింటారు. నా గుండె మీద ఓసారి పెట్టి చూడకూడదూ?" అని నవ్వుతూ అడిగేది.

"నీకేమే, కొత్త బండివి" అని తప్పించుకునేవాడు. భయం. చెవికి దొరికిన జబ్బును లేదనుకోవడం అతనికి చేతకాదు.

ఈ ఉదయం నవ్వకుండా అడిగింది. అయినా తప్పించుకుని వచ్చేశాడు.

గుత్తి కొసను వాటర్ పంపు మీదికి జరిపాడు. లోపల గరగర. "దొరికిందండీ. పంపు బేరింగు. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే నడిరోడ్డు మీద నిలబెట్టేది."

"పోనీలే, ముందే విన్నావు" అన్నాడు గోవర్ధనరావు.

ఆ మాట సత్తయ్యకు ఎక్కడో తగిలింది. "ఇప్పుడే వస్తానండీ" అని గుత్తి పట్టుకునే షెడ్డు వెనకున్న ఇంటికి నడిచాడు. ఏది వినపడితే అది చెప్పేస్తాను, ఇవాళే బెజవాడ తీసుకెళ్తాను అనుకున్నాడు.

సూర్యకుమారి వంటింటి గోడకు చేరగిలబడి ఉంది, తల పక్కకు వాల్చి. పక్కనే దించిన గిన్నెలో ఉడికిన పప్పు.

"కుమారీ, ఇదిగో, వింటాను." ఆమె పలకలేదు. కొసను ఆమె గుండె మీద ఆనించి చెవి పెట్టాడు. ఏమీ లేదు. కాస్త అదిమాడు. ఇంకాస్త.

ధబ్. ధబ్. ధబ్. తడబాటే లేదు.

"హెప్సిబా!" అని పక్కింటి అమ్మాయిని కేకేశాడు. "మీ పిన్నికేం లేదమ్మా. నడుస్తోంది. ఎంత బాగా నడుస్తోందో!"

హెప్సిబా పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అక్కడే కూలబడింది. "బాబాయ్, పిన్ని చల్లబడిపోయింది. ఇంక తియ్యండి."

"ఉండమ్మా, వినపడుతుంటేను."

చెవి నొప్పి పుడుతోంది. ఎవరి నెత్తురు వింటున్నాడో అతనికి ఆ నొప్పితోనే తెలిసిపోయింది. అయినా చెవి తియ్యలేదు. తీస్తే ఆ చప్పుడు కూడా ఆగిపోతుంది.

మధ్యాహ్నానికి ఇంటినిండా జనం. షెడ్డులో గోవర్ధనరావుగారి కారు బానెట్ ఎత్తి అలాగే ఉంది. వంటిల్లు సర్దినవాళ్ళెవరో, కింద పడున్న గుత్తి ఆ ఇంటిదేగా అని, చల్లారిన పప్పుగిన్నెలో నిలబెట్టారు, ఇంజనాయిలు పట్టిన నల్లకొస పైకి ఉండేట్టు.