స్టీఫెన్ మైళ్ళు, ఎస్తేరు సీటు

ఎస్తేరుకు ఒక్కసారి విమానం ఎక్కాలని ఉండేది. ఎక్కడికి పోతావమ్మా అని ఎవరైనా అడిగితే మాత్రం ఒళ్ళు మండిపోయేది. "యాడికైతే ఏంది? పైకి పోవాలె, కిందికి దిగాలె. గంతే" అనేది. పెద్దమందడిలో ఆమెతో పాటు పల్లికాయ చేలల్లో కలుపు తీసే ఆడవాళ్ళు ఈ మాటకు పడి పడి నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అనుకునేది ఎస్తేరు. ఆమె మొగుడు స్టీఫెన్ ఎనిమిదేళ్ళు దుబాయిలో కాంక్రీటు కలిపి వచ్చాడు. సెలవులకు వచ్చీ పోయీ నాలుగుసార్లు అటూ నాలుగుసార్లు ఇటూ విమానంలో తిరిగాడు. ఆమె మాత్రం వనపర్తి దాటితే బస్సులో వాంతి చేసుకునే మనిషిగా మిగిలిపోయింది. ఇది అన్యాయమని ఆమె గట్టి నమ్మకం.

2007లో, ఎండలు ముదిరిన రోజుల్లో, స్టీఫెన్ పేరు మీద ఒక కవరు వచ్చింది. అందులో ఇంగ్లీషు ఉత్తరం, నీలిరంగు కార్డు ఉన్నాయి. అప్పటికి స్టీఫెన్ దుబాయి మానేసి ఏడాదైంది. వనపర్తిలో సెంట్రింగు పనులకు పోతున్నాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ కవరు పట్టుకొని వనపర్తిలో ఇంటర్నెట్ సెంటరు నడిపే బాసిత్ దగ్గరికి పోయారు.

బాసిత్ కార్డును వెలుగుకు పెట్టి చదివాడు. "అన్నా, నీ ఇంటిపేరు పెద్దమందడియా?"

"కాదు. అది మా ఊరు."

"మరి మిస్టర్ స్టీఫెన్ పెద్దమందడి అని ఉన్నది."

స్టీఫెన్ తల గోక్కున్నాడు. మొదటిసారి పోయినప్పుడు విమానంలో ఏదో కాగితం ఇచ్చారు. దిగేముందు అందరూ నింపాల్సిన కాగితమేమో అనుకొని, పక్క సీటాయన చేత రాయించుకున్నాడు. ఇంటిపేరు ఏమిటని ఆయన అడిగితే, ఇల్లెక్కడ అని అడుగుతున్నాడనుకొని ఊరి పేరు చెప్పాడు. ఆ కాగితం విమానం కంపెనీవాళ్ళ మెంబరు ఫారం. తర్వాత టికెట్లు కొన్న దుబాయి ఆఫీసు గుమాస్తా ప్రతిసారీ ఆ నంబరు వేస్తూ పోయాడు. స్టీఫెన్ కళ్ళు మూసుకొని కూర్చున్నా, ఎగిరిన మైళ్ళు మాత్రం కంపెనీ దగ్గర అతని పేరు మీద జమ అవుతూ వచ్చాయి.

"పన్నెండు వేల ఆరువందల మైళ్ళున్నయి అన్నా నీ ఖాతాల" అన్నాడు బాసిత్. "పదివేలు పెడితే మన దేశంల ఒక్క మనిషికి పోనురాను ఫుకట్ టికెట్. నీకు గాని, మీ ఇంటోళ్ళకు గాని. జూన్ ముప్పై దాటితే అన్ని ఖతం."

ఎస్తేరు కుర్చీ ముందుకు లాక్కుంది. ఒక్క మనిషికి అన్న మాట ఆమెకు ఒక్క ఎస్తేరుకు అన్నట్టే వినబడింది. "ఈయన మస్తు తిరిగిండు. నేనే పోత" అంది. స్టీఫెన్ తల ఊపాడు. అది చూసి ఆమె సంబరపడింది గానీ, అక్కడే పొరపాటు చేసింది. స్టీఫెన్ ఎవరు ఏమడిగినా తల ఊపుతాడు. కాదనడం ఆ మనిషికి రాదు. దేవుడు ఆ నరం ఒక్కటి పెట్టడం మరిచిపోయాడు.

మరునాటికి ఊరంతా మైళ్ళ మాటే. పక్కింటి కిష్టయ్య తాత పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "స్టీఫెనూ, నీ తాన పన్నెండు వేల మైళ్ళున్నయంట గద. నాకు ఓ పది మైళ్ళు కోసియ్యరాదు? వనపర్తి దవాఖానకు పోయొస్త" అన్నాడు.

"అది బస్సుల నడ్వదు తాతా."

"కండక్టర్‌కు కార్డు సూపెట్టి సూడు. అడిగితే తప్పేముంది?"

స్టీఫెన్ తల ఊపాడు. తాత ఆ పది మైళ్ళూ చేతికందినట్టే సంతోషంగా లేచిపోయాడు. ఇంకొకరు ఆత్మకూరు దాకా కావాలన్నారు, మరొకరు కూతుర్ని అత్తగారింట్లో దింపి రావడానికి నలభై మైళ్ళు అడిగారు. స్టీఫెన్ అందరికీ తల ఊపాడు. ఇట్లా ఊపుతూ పోతే తన పదివేలు మిగులుతాయా అని ఎస్తేరుకు దిగులు పట్టుకుంది. మైళ్ళను గోధుమల్లాగా దోసిట్లతో కొలిచి ఇవ్వలేరని బాసిత్ ఫోనులో ఒట్టేసి చెప్పేదాకా ఆమెకు ముద్ద దిగలేదు.

అసలు ముప్పు ఖిల్లా ఘణపూర్ నుంచి బస్సు దిగింది. స్టీఫెన్ అక్క రేణుకమ్మ గడపలో అడుగు పెడుతూనే కళ్ళొత్తుకుంది.

"తమ్మీ, అమ్మ చేనుకు పోతే నిన్ను సంకనేసుకొని తిరిగింది నేను. నా సంకల ఎన్ని మైళ్ళు తిరిగినవో లెక్క తీయి ముందు. ఆ టికెటు నాకే రావాలె."

అప్పుడు స్టీఫెన్ ఏం చేశాడో మీకు చెప్పనక్కరలేదు. ఎస్తేరు పొయ్యి దగ్గర కూర్చొని రొట్టెను కసికసిగా తట్టింది. ఆడబిడ్డను ఎదిరించి అడగడానికి నోరు రాలేదు, ఊరుకోవడానికి మనసొప్పలేదు. ఏడుపొచ్చింది. పొగ అని చెప్పి ఏడ్చేసింది కూడా.

రేణుకమ్మకు బొంబాయి చూడాలని ఉంది. బాసిత్ రెండు రోజులు విమానం కంపెనీకి ఫోన్లు చేశాడు. చేతిలో ఫోను చెవికి అతుక్కుపోయిందేమో అనేంత సేపు, ఆగమని చెప్పి వాళ్ళు పెట్టే పాటలు విన్నాడు. బొంబాయి లేదు, బెంగుళూరు లేదు, మద్రాసు లేదు. "పైసలిచ్చేటోళ్ళకు సీట్లున్నయంట అక్కా, మైళ్ళోళ్ళకు లేవంట" అన్నాడు చివరికి. మొత్తం దేశంలో మైళ్ళవాళ్ళకు మిగిలిన సీటు ఒక్కటే. జూన్ ఇరవై ఎనిమిదిన మధ్యాహ్నం హైదరాబాదు నుంచి నాగపూర్‌కు. ఆ సాయంత్రమే తిరుగు విమానం.

"నాగపూర్ల ఎవ్వరున్నరు?" అని అడిగింది రేణుకమ్మ.

"ఎవ్వరు లేరక్కా" అన్నాడు స్టీఫెన్.

"మరి ఏం పని మీద పోవాలె?"

"ఏం పని లేదు."

"పోయినంక?"

"మల్ల రావాలె."

రేణుకమ్మ నోరు తెరిచి తమ్ముడి ముఖంలోకి చూసింది. చుట్టం లేడు, పెళ్ళి లేదు, చావు లేదు, కోర్టు పని లేదు. అట్లాంటి ఊరికి మనిషన్నవాడు ఎందుకు పోతాడు? "ఎవ్వరు లేని ఊరికి నేనెందుకు పోత? బువ్వ ఎవరు పెడ్తరు?" అని చీర దులుపుకొని లేచింది.

"నేను పోత వదినా" అంది ఎస్తేరు వెంటనే.

"నీకెవరున్నరే ఆడ?"

"ఎవ్వరు లేరు. చుట్టాలుంటే పోంగనే వంటకు దిగాలె. ఎవ్వరు లేరు గన్కనే పోత."

సీటు దక్కింది గానీ ఊరు ఊరుకుంటుందా? కిష్టయ్య తాత చెవులు అంతంత మాత్రం. నాగపూర్ అన్నది ఆయనకు నాగర్‌కర్నూల్ అని వినబడింది. "నాగర్‌కర్నూల్‌కు గాలిమోటరు ఏసిండ్రంట!" అని ఆయన బస్సు స్టేజీ దగ్గర చెప్పాడు. గంటన్నర బస్సు ప్రయాణానికి గాలిమోటరు ఎందుకు, దిగేదెక్కడ, వనపర్తికి ఎందుకు వేయలేదు అని ఆటోవాళ్ళు రెండు రోజులు కొట్లాడుకున్నారు. మన లీడర్లకు చేతకాక మన విమానం నాగర్‌కర్నూలువాళ్ళు ఎత్తుకుపోయారని తేల్చారు.

అది నాగపూరేనని తెలిశాక ఇంకో గోల మొదలైంది. పని లేకుండా అంత దూరం పోతోందంటే పెద్ద రోగమే అయ్యుంటుంది, చెప్పుకోలేక దాస్తోంది అని ఆడవాళ్ళు అనుకున్నారు. ఆదివారం చర్చిలో పాస్టరు, సహోదరి ఎస్తేరు నాగపూరు దవాఖాన నుంచి క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థన చేయించాడు. తనకే రోగమూ లేదని చెబుదామని ఆమె లేచింది. అప్పటికే నలుగురు ఆమె నెత్తి మీద చేతులు పెట్టి కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు. ఎస్తేరు గమ్మున కూర్చొని ఆమెన్ అంది.

ఇరవై ఎనిమిదిన తెల్లవారుజామున మొదటి బస్సుకు బయల్దేరి, దారిలో ఎస్తేరు రెండుసార్లు కక్కినా, బేగంపేట విమానాశ్రయం చేరారు. టికెట్ లేని స్టీఫెన్‌ను గేటు దగ్గరే ఆపేశారు. టికెట్ మీద ఎస్తేరు పెద్దమందడి అని ఉంది. ఓటరు కార్డు మీద కూడా ఎక్కడో పెద్దమందడి కనబడేసరికి గేటు దగ్గరి జవాను తృప్తిపడి లోపలికి పంపాడు. "లోపల నీ పేరు పిల్వంగనే లేచి పో" అని స్టీఫెన్ బయటినుంచే అరిచాడు.

లోపల తనిఖీ అయ్యాక ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. ఎస్తేరు సంచి ఒళ్ళో పెట్టుకొని చెవులు రిక్కించింది. కాసేపటికి మైకులో ఏదో ఇంగ్లీషు, మధ్యలో "పెద్దమందడి" అని వినబడింది. ఎస్తేరు ఆశ్చర్యపోయింది. వనపర్తి బస్టాండులో మైకు కూడా అచ్చం ఇట్లాగే, పెద్దమందడి బస్సు ఫలానా ప్లాటుఫారం మీద ఉందని చెబుతుంది. అయితే ఇక్కడినుంచి మన ఊరికి సీదా బస్సుందన్న మాట! ఇది తెలియక పొద్దున్నుంచి ఎంత తిప్పలు పడ్డామని స్టీఫెన్ మీద కోపం వచ్చింది.

మైకు మళ్ళీ పెద్దమందడి అంది. మూడోసారి ఇంకా గట్టిగా అంది. ఈ బస్సువాళ్ళకు మనుషులు దొరకడం లేదు పాపం అనుకుంది. ఎంత పిలిచినా తను లేవకూడదని, నాగపూరు పోయేదాకా ఊరి మొహం చూడకూడదని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

నీలం కోటు వేసుకున్న పిల్ల ఒకతె వగరుస్తూ పరుగెత్తుకొచ్చింది. "పెద్దమందడి? పెద్దమందడి?"

"నేను రానమ్మా. పొద్దుగాలనే ఆడికెల్లి వచ్చిన" అంది ఎస్తేరు. "నాకు నాగపూరు పోయేదున్నది."

ఆ పిల్ల టికెట్ లాక్కొని చూసి నెత్తి కొట్టుకుంది. "అమ్మా, పెద్దమందడి అంటే మీరే! విమానం మీకోసమే ఆగింది!" అని రెక్క పట్టుకొని పరుగు తీయించింది. చెప్పు ఒకటి ఊడిపోతే చేత్తో పట్టుకొని పరుగెత్తింది ఎస్తేరు. లోపలికి అడుగుపెట్టేసరికి వందమంది మనుషులు ఆమెను కొరకొరా చూశారు. ఆమె అందరికీ దండం పెట్టి, కిటికీ పక్కన కూర్చుంది.

విమానం లేచినప్పుడు ప్రభువా అని గట్టిగానే అంది. తర్వాత కళ్ళు తెరిచి కిందికి చూసింది. చెరువులు పలక మీద పడ్డ నీటి చుక్కల్లా ఉన్నాయి. చేలు కనబడ్డాయి, రోడ్లు కనబడ్డాయి. మనుషుల కోసం చూసింది. అద్దానికి ముక్కు ఆనించి మళ్ళీ చూసింది. ఒక్క మనిషి కూడా కనబడలేదు.

స్టీఫెన్ దుబాయికి పోయిన ప్రతిసారీ, చేరాక ఫోను చేసి, "మన ఊరి మీదికెల్లే పోయిన. చేన్ల నిలబడ్డవు. పచ్చ చీర కట్టుకున్నవు, నిన్ను చూసిన" అనేవాడు. ఒకసారి పచ్చ, ఒకసారి ఎర్ర. ఎప్పుడూ చీర రంగు తప్పు చెప్పలేదు. అతను పోయే రోజున ఏ మోత వినబడినా, అది ఏ విమానమో తెలియక, ఆమె కొడవలి పైకెత్తి అన్నింటికీ చేయి ఊపేది. ఎనిమిదేళ్ళు ఊపింది. ఎవడు చూశాడు? ఇంత ఎత్తునుంచి ఏనుగును నిలబెట్టినా కనబడదు. ఎస్తేరుకు మొదట మండిపోయింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత నాగపూరు వచ్చేదాకా ఏడుపు ఆగలేదు. పక్కనాయన భయమేమో అనుకొని చాక్లెట్టు ఇచ్చాడు.

నాగపూరులో విమానాశ్రయం దాటి అడుగు బయట పెట్టలేదు. కుర్చీలో కూర్చొని జొన్నరొట్టె, తొక్కు తిని, సాయంత్రం విమానంలో తిరిగొచ్చింది. పొద్దున ఏ గేటు దగ్గర వదిలిందో స్టీఫెన్ అక్కడే నిలబడి ఉన్నాడు.

"భయమైందా?" అన్నాడు.

"పైనుంచి మన చేను ఎంత మంచిగ కనబడ్తదో చూసిన" అంది ఎస్తేరు.

స్టీఫెన్ టాక్సీల వైపు తిరిగి నిలబడ్డాడు. "పోయే పొద్దున నువ్వు ఏ చీర కట్టుకున్నవో చూసి పోతుంటి. అదే చెప్తుంటి" అన్నాడు.

"మరి పైన ఏం చేస్తుంటివి?"

"కండ్లు మూసుకొని కూసుంటుంటి. నాకు శానా భయం."

ఆమె అతని చేతికి సంచి ఇచ్చి, అతని మోచేయి పట్టుకొని రోడ్డు దాటింది.

మరునాడు ఇంటి ముందర జాతర. నాగపూరు ఎట్లుంది అని అడిగితే, "కుర్చీలు మంచిగున్నయి" అంది ఎస్తేరు. రోగం నయమైనందుకు పాస్టరు కృతజ్ఞతా ప్రార్థన చేసి పోయాడు. రేణుకమ్మ మాత్రం కదలకుండా కూర్చొని, తమ్ముడి భుజం మీద చేయి వేసింది.

"తమ్మీ, దుబాయిల కంపిని నిన్ను మల్ల పిలుస్తుందంట గద? ఇంకో నాలుగేండ్లు పోయి రారాదు? ఈపాలి మైళ్ళతోని నేను బొంబాయి చూసొస్త."

"నా పది మైళ్ళు గూడ అండ్లనే వస్తయి" అన్నాడు కిష్టయ్య తాత.

స్టీఫెన్ తల మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. ఎస్తేరు గబుక్కున వచ్చి అతని గడ్డం కింద చేయి పెట్టి ఆపింది.

"వదినా, ఆడికి పోతే ఈడ మనం చీమంత గూడ కనబడం. నేను చూసొచ్చిన. మీకు మైళ్ళు గావాలంటే నడువుండ్రి, నేను గూడ తోడొస్త. ఈ మనిషి మాత్రం నాకు కనబడేటంత దూరంలనే ఉంటడు."

రేణుకమ్మ తమ్ముడి వైపు తిరిగి, "ఏందిరా, పోవా?" అంది.

"పోనక్కా" అన్నాడు స్టీఫెన్. ఆ మాట బయటికి వచ్చాక గాని ఎస్తేరు అతని గడ్డం వదల్లేదు.